దొరకని ఆడియో బోర్డుకు బదులు, అందులో ఐదో వంతు బోర్డు: ఒక కేస్ స్టడీ

నేపథ్యం

మ్యూజియం తరహా ప్రదర్శనలకు ఆడియో ప్లేయర్లు తయారుచేసే ఒక చిన్న సంస్థ కోసం చేసిన పని ఇది. సంస్థ పేరు, ఉత్పత్తి పేరు, గుర్తుపట్టే వీలున్న మిగతా వివరాలు ఇక్కడ ఇవ్వడం లేదు. సందర్శకుడు ఒక వస్తువు ముందు నిలబడగానే దాని గురించి వ్యాఖ్యానం వినిపించాలి, ఆ ప్లేయర్ పని అంతే. లోపల ఒక రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు), దాని 40 పిన్నుల హెడర్ (పిన్నులు బారుగా ఉండే కనెక్టర్) మీద కూర్చునే రెడీమేడ్ డిజిటల్ ఆడియో బోర్డు, అక్కడి నుంచి యాంప్లిఫయర్‌కు లైన్ అవుట్‌పుట్ వైరు ఉండేవి. చాలాకాలం ఏ గొడవా లేకుండా నడిచింది.

తర్వాత ఆ ఆడియో బోర్డు దొరకడం మానేసింది. 2020 అక్టోబరులో జపాన్‌లోని నొబెయోకలో అసాహి కసెయ్ మైక్రోడివైసెస్ కర్మాగారం తగలబడ్డాక ఆడియో చిప్‌లకు కరువొచ్చింది. అక్కడి చిప్‌లు వాడేవాళ్ళు మిగతా కంపెనీల చిప్‌ల మీద పడ్డారు. అప్పటికే మొదలైన సెమీకండక్టర్ల కొరత దానికి తోడైంది. క్లయింటు వాడే బోర్డు తయారీదారు ముందు త్వరలో వస్తుందన్నారు, తర్వాత తేదీ చెప్పడమే మానేశారు.

సరిగ్గా అప్పుడే క్లయింటు కొత్త పెట్టె గీయించుకున్నారు. అది పాతదానికంటే బాగా పలచన. కంప్యూటరు 65 × 30 మి.మీ. ఉండే పై జీరోకు మారింది. దాని మీద ఇంకో బోర్డు పేర్చడానికి ఎత్తు లేదు. పాత ఆడియో బోర్డేమో 65 × 56 మి.మీ. "సార్, ఇప్పుడు ఆ బోర్డు దొరికినా పట్టదు. అదే సర్క్యూట్‌ని సగం సైజులో గీసిస్తే చాలు" అన్నారు వాళ్ళ ఇంజినీరు.

అదే సర్క్యూట్, సగం సైజు. ఈ కేసు రాయడానికి కారణం ఆ మాటే. సైజు తగ్గించడమంటే విడిభాగాలను చిన్నవి చేయడమేనని చాలామంది అనుకుంటారు. ఇక్కడ సైజు తగ్గింది వేరే దారిలో.

నా దగ్గరికి వచ్చేముందు జరిగింది

వాళ్ళు అప్పటికే ఒక ప్రయత్నం చేసి ఉన్నారు. చేతిలో మిగిలిన డాక్ చిప్‌లతో (డిజిటల్ సిగ్నల్‌ను అనలాగ్‌గా మార్చేది డాక్) పాత బోర్డులోని భాగాలన్నిటినీ చిన్న బోర్డు మీదికి ఎక్కించారు. రెసిస్టర్లు, కెపాసిటర్లు 0402 సైజుకు (సుమారు 1 × 0.5 మి.మీ.) దించారు. పాత బోర్డులో ఎల్‌డీవో రెగ్యులేటర్లు (ఎక్కువైన వోల్టేజ్‌ను వేడిగా వదిలేసి తగ్గించేవి) ఉన్నచోట ఒక చిన్న స్విచింగ్ రెగ్యులేటర్ (వేగంగా ఆన్, ఆఫ్ అవుతూ తగ్గించేది) పెట్టారు. అవుట్‌పుట్‌లో ఉన్న డబ్బా లాంటి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల బదులు సిరామిక్‌వి వేశారు. పేపర్ మీద చూస్తే ఏదీ తప్పుగా కనబడదు. పాట పెడితే బాగానే వచ్చింది.

రెండు ఫిర్యాదులు మాత్రం ఉన్నాయి. వ్యాఖ్యాత మాట మధ్యలో ఆగినప్పుడు స్పీకర్లో సన్నగా కూత వినిపిస్తోంది. పెట్టెను వేలితో కొడితే ఆ దెబ్బ స్పీకర్లో 'టక్'మంటోంది. నిశ్శబ్దమైన గదిలో పెట్టే పరికరం కాబట్టి రెండూ భరించలేనివే.

కొత్త బోర్డు బొమ్మ గీయకముందే ఈ రెండింటి కారణం తేల్చాలనుకున్నాను. కారణం తెలియకుండా గీస్తే అవే రోగాలు కొత్త బోర్డులోకీ వస్తాయి.

కూత సంగతి ముందు చూశాం. నిశ్శబ్దం ఉన్న ఫైలు పెట్టి కొలిస్తే ఏమీ కనబడలేదని వాళ్ళ ఇంజినీరు చెప్పారు. అది నిజమే, కానీ కొలత మోసం చేస్తోంది. చాలా ఆడియో డాక్‌లు కొంతసేపు వరుసగా సున్నాలే వస్తే అవుట్‌పుట్‌ను తమంతట తామే మ్యూట్ చేసేస్తాయి. అప్పుడు మనం కొలిచేది మూసిన కుళాయిని. అందుకే పూర్తి స్థాయికి 60 డెసిబెళ్ళు తక్కువలో 1 కిలోహెర్ట్జ్ టోన్ ఆడించి, స్పెక్ట్రమ్‌లో ఆ టోన్‌ను పక్కనపెట్టి మిగిలింది చూడాలి. అలా చూస్తే కొన్ని కిలోహెర్ట్జ్‌ల దగ్గర ఒక శిఖరం స్పష్టంగా నిలబడింది.

అనుమానం స్విచింగ్ రెగ్యులేటర్ మీదికే పోతుంది. కానీ అది మామూలుగా స్విచ్ అయ్యేది చెవికి అందనంత ఎక్కువ ఫ్రీక్వెన్సీలో. మరి కూత ఎందుకు? లోడ్ బాగా తక్కువైతే ఈ రకం రెగ్యులేటర్లు కరెంటు ఆదా కోసం మధ్యమధ్య పల్సులు మానేస్తాయి. అప్పుడు పల్సుల జోరు వినిపించే శ్రేణిలోకి దిగుతుంది. ఈ ఊహ నిజమో కాదో తేల్చడానికి బోర్డు మార్చక్కర్లేదు. 3.3 వోల్టుల లైనుకు అదనంగా ఒక 33 ఓమ్‌ల రెసిస్టర్ తగిలిస్తే లోడ్ మరో 100 మిల్లీ ఆంపియర్లు పెరుగుతుంది. తగిలించగానే శిఖరం పైకి జరిగి చెవికి అందని చోటుకు వెళ్ళిపోయింది, కూత పోయింది. తీస్తే మళ్ళీ వచ్చింది.

రెసిస్టర్ వదిలేస్తే సరిపోతుంది కదా అని ఒకరు అడిగారు. అది లక్షణానికి మందు. అసలు స్విచింగ్ రెగ్యులేటర్ ఎందుకు పెట్టారంటే, చిన్న బోర్డులో ఎల్‌డీవో వేడెక్కుతుందని భయమట. లెక్క వేస్తే డాక్ తీసుకునేది సుమారు 30 మిల్లీ ఆంపియర్లు, 5 వోల్టుల నుంచి 3.3కి తగ్గించాల్సింది 1.7 వోల్టులు. అంటే వేడిగా పోయేది 51 మిల్లీవాట్లు. ఒక బుల్లి ఎల్‌డీవోకు అది లెక్కలోది కాదు. లేని సమస్యకు పరిష్కారం పెట్టడంతో ఉన్న నిశ్శబ్దం పోయింది.

ఇక 'టక్' సంగతి. ఎక్స్5ఆర్, ఎక్స్7ఆర్ రకం సిరామిక్ కెపాసిటర్లకు పీజోఎలక్ట్రిక్ గుణం ఉంటుంది. కదిలితే వోల్టేజ్ పుడుతుంది. పవర్ లైనులో ఉంటే పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. సిగ్నల్ దారిలో, అందులోనూ డీసీ వోల్టేజ్ మోస్తూ ఉంటే అది మైక్రోఫోన్‌లా పనిచేస్తుంది. నిర్ధారణకు ఎడమ చానెల్లో మాత్రం సిరామిక్ పీకి పాత ఎలక్ట్రోలిటిక్‌ను అతికించి, ప్లాస్టిక్ పుల్లతో బోర్డు మీద తట్టాం. ఎడమ స్పీకర్ మౌనం, కుడి స్పీకర్ 'టక్'. ఒకే బోర్డు మీద, ఒకే దెబ్బకు. ఇంతకంటే మంచి రుజువు అక్కర్లేదు.

పాత బోర్డులో ఏ ఖాళీ పనిచేస్తోంది

పాత బోర్డు చేతిలోకి తీసుకుంటే మూడో వంతు ఖాళీగా కనిపిస్తుంది. క్లయింటు ఇంజినీర్లు సైజును అక్కడే తగ్గించారు. కానీ రెగ్యులేటర్‌కూ అనలాగ్ అవుట్‌పుట్‌కూ మధ్య ఉన్న దూరం, క్లాక్ (చిప్‌లకు వేళ చెప్పే సిగ్నల్) చుట్టూ వదిలిన గ్రౌండ్ రాగి ఊరికే లేవు, నాయిస్‌ను దూరంగా ఉంచుతున్నాయి. వాళ్ళ కాపీలో రెగ్యులేటర్ కాయిల్ అవుట్‌పుట్ పిన్నుల పక్కకే వచ్చి కూర్చుంది.

మరి పనిలేని జాగా ఎక్కడుంది? బోర్డు మీద ఏముందో రాసుకుంటూ పోయాను. రెండు ఆర్‌సీఏ జాక్‌లు, హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్, దాని జాక్, ఆప్టికల్ డిజిటల్ అవుట్‌పుట్, రెండు క్రిస్టల్ ఆసిలేటర్లు, ఒక ఈఈప్రామ్ (చిన్న మెమరీ చిప్), 40 పిన్నుల హెడర్. ఇందులో క్లయింటు వాడేది లైన్ అవుట్‌పుట్ ఒక్కటే. అది కూడా పెట్టె లోపలే యాంప్లిఫయర్‌కు పోతుంది కాబట్టి ఆర్‌సీఏ జాక్ అవసరమే లేదు, 2 మి.మీ. పిచ్ ఉన్న మూడు పిన్నుల కనెక్టర్ చాలు.

హెడర్ విషయం మరీ ముఖ్యం. ఆడియోకు కావలసిన ఐ2ఎస్ (చిప్‌ల మధ్య డిజిటల్ ఆడియో పంపే పద్ధతి) లైన్లు మూడే: బిట్ క్లాక్, ఎడమ-కుడి క్లాక్, డేటా. అవి 12, 35, 40 పిన్నుల్లో ఉంటాయి. 5 వోల్టులేమో 2, 4 పిన్నుల్లో. అంటే కావలసినవి హెడర్ ఈ చివర కొన్ని, ఆ చివర కొన్ని. 20 వరసలు, వరసకు 2.54 మి.మీ. చొప్పున దాదాపు 51 మి.మీ. పొడవు తప్పదు. హెడర్ మీద కూర్చునే బోర్డు ఎంత తెలివిగా గీసినా అంతకంటే పొట్టిది కాదు. సైజును శాసిస్తున్నది చిప్‌లు కావు, కనెక్టర్లు. అందుకని ఆడియో బోర్డును హెడర్ నుంచి విడదీయాలని నిర్ణయించాం. హెడర్ మీద ఏ చిప్పూ లేని సన్నని పట్టీ బోర్డు, అక్కడి నుంచి చిన్న ఫ్లాట్ కేబుల్, దాని చివర అసలు ఆడియో బోర్డు.

చిప్ ఎంపిక

పాత డాక్‌నే వాడాలన్న పట్టుదల వదిలేయమని మొదటి మీటింగులోనే చెప్పాను. దొరకని చిప్ చుట్టూ కొత్త బోర్డు గీస్తే అది పుట్టడమే అవుటాఫ్ స్టాక్‌గా పుడుతుంది. పీసీఎం5102ఏ అనే డాక్ ఎంచుకున్నాం. కారణాలు మూడు, అందులో ధ్వని నాణ్యత మూడోది.

మొదటిది, అదే పిన్నుల అమరికతో పీసీఎం5100ఏ, 5101ఏ కూడా ఉన్నాయి. తేడా ప్రధానంగా నాయిస్‌లో: పూర్తి స్థాయికి అది 5100ఏలో 100, 5101ఏలో 106, 5102ఏలో 112 డెసిబెళ్ళు కింద ఉంటుంది. ఒకటి దొరక్కపోతే అదే చోట రెండోది అతికించొచ్చు. డాక్‌లలో ఇంత సౌకర్యం అరుదు.

రెండోది, దీని అవుట్‌పుట్ గ్రౌండ్‌కు అటూ ఇటూ ఊగుతుంది. లోపల ఒక చార్జ్ పంప్ నెగెటివ్ వోల్టేజ్ తయారుచేసుకుంటుంది కాబట్టి అవుట్‌పుట్‌లో డీసీ ఉండదు, దాన్ని ఆపే కప్లింగ్ కెపాసిటర్లూ అక్కర్లేదు. 'టక్' సమస్య పరిష్కారం మంచి కెపాసిటర్ వెతకడంలో లేదు, కెపాసిటరే అవసరం లేని చిప్ వెతకడంలో ఉంది. ఆ రెండు డబ్బాలు పోవడంతో మిగిలిన జాగా, 0402 సైజుకు దిగితే వచ్చేదానికంటే ఎక్కువ. అవుట్‌పుట్ ఫిల్టర్‌లో 470 ఓమ్‌లు, 2.2 నానోఫారడ్‌లు ఉంటాయి. అంత చిన్న విలువ సీ0జీ రకంలో సులువుగా దొరుకుతుంది, ఆ రకానికి పీజో గుణం ఉండదు.

112 డెసిబెళ్ళంటే ఎంతో ఒకసారి లెక్కేసుకుంటే లేఔట్ గీసే చేతికి జాగ్రత్త వస్తుంది. పూర్తి స్థాయి 2.1 వోల్టులు. దానికి 112 డెసిబెళ్ళు కింద అంటే సుమారు 5 మైక్రోవోల్టులు. గ్రౌండ్ రాగిలో దారితప్పిన కొద్దిపాటి కరెంటు చాలు, ఆ లాభమంతా పోవడానికి.

క్లాక్ మీద చర్చ ఎక్కువే జరిగింది. పాత బోర్డులో 22.5792, 24.576 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్లు రెండూ ఉండేవి. మొదటిది 44.1 కిలోహెర్ట్జ్ కుటుంబానికి, రెండోది 48కి. క్లాక్ బోర్డే ఇచ్చేది, కంప్యూటరు దాన్ని అనుసరించేది. వాటిని తీసేస్తే కంప్యూటరే క్లాక్ ఇవ్వాలి. 48 కిలోహెర్ట్జ్, ఒక్కో చానెల్‌కు 32 బిట్‌ల చొప్పున బిట్ క్లాక్ 3.072 మెగాహెర్ట్జ్. కంప్యూటరు లోపలి క్లాక్‌ను పూర్ణ సంఖ్యతో భాగిస్తే అది సరిగ్గా రాదు. అందుకని ఒకసారి ఒక సంఖ్యతో, ఇంకోసారి పక్క సంఖ్యతో భాగించి సగటు కుదురుస్తుంది. సగటు బాగానే ఉంటుంది, క్లాక్ అంచులు మాత్రం ముందుకూ వెనక్కూ కదులుతాయి. పీసీఎం5102ఏ బిట్ క్లాక్ నుంచే తన సిస్టమ్ క్లాక్‌ను లోపలి పీఎల్ఎల్‌తో (వచ్చిన క్లాక్‌ను అనుసరిస్తూ ఇంకో క్లాక్ పుట్టించే సర్క్యూట్) తయారుచేసుకోగలదు, ఆ కదలికలో కొంత అక్కడ తగ్గుతుంది. ఆ 'కొంత' చాలా? క్లాక్ దోషం ఎక్కువ ఫ్రీక్వెన్సీ టోన్‌లోనే బాగా బయటపడుతుంది కనుక ఇవాల్యుయేషన్ బోర్డు (చిప్‌ను పరీక్షించి చూసే రెడీమేడ్ బోర్డు) మీద 10 కిలోహెర్ట్జ్ టోన్ ఆడించి పక్క శిఖరాలు చూశాం. ఏది ఏదో చెప్పకుండా పాత బోర్డుతో కలిపి క్లయింటు మనుషులకు వినిపించాం. వ్యాఖ్యానంలో, నేపథ్య సంగీతంలో ఎవరూ తేడా పట్టలేదు. రికార్డింగ్ స్టూడియో పరికరమైతే నేను ఆసిలేటర్లు తీసేవాణ్ణి కాదు. ఈ వాడకానికి తీసేయడం సబబే.

మొదటి నమూనా: చెదురుమదురు టిక్కులు

నాలుగు లేయర్ల బోర్డు, రెండో లేయర్ అంతా ఒకే గ్రౌండ్. పాత బోర్డులో అనలాగ్, డిజిటల్ గ్రౌండ్‌లను చీల్చి ఒకచోట కలిపారు. ఇంత చిన్న బోర్డులో చీలిస్తే ఏదో ఒక క్లాక్ లైను ఆ చీలికను దాటక తప్పదు, దాని కరెంటు తిరిగి రావడానికి చుట్టుదారి పట్టక తప్పదు. అందుకని చీల్చలేదు. అమరికలో విడదీశాం: కేబుల్ కనెక్టర్, క్లాక్‌లు ఒక చివర, అవుట్‌పుట్ రెండో చివర. ఎల్‌డీవో ముందు 2.2 ఓమ్‌ల రెసిస్టర్, కెపాసిటర్. ఫెరైట్ బీడ్ (నాయిస్‌ను ఆపే, కాయిల్ లాంటి చిన్న భాగం) కాకుండా రెసిస్టరే ఎందుకంటే, బీడ్, సిరామిక్ కెపాసిటర్ కలిసి ఏదో ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర మోగే ప్రమాదం ఉంది. రెసిస్టర్ ఖర్చు 66 మిల్లీవోల్టులే.

కూత లేదు. తట్టితే శబ్దం లేదు. అయితే ఎప్పుడో ఒకసారి 'టిక్'మంటోంది. గంటసేపు ఏమీ ఉండదు, తర్వాత వరసగా రెండు. వేళాపాళా లేని ఇలాంటి లోపంతోనే టెన్షన్ ఎక్కువ.

ఆలోచించింది ఇలా. టిక్ అంటే ఒక శాంపిల్ బాగా చెడిందని అర్థం. ఐ2ఎస్‌లో డేటా బిట్‌లు క్లాక్ అంచుతో లెక్కపడతాయి. అంచు దగ్గర సిగ్నల్ ఊగి, సున్నాను ఒకటి నుంచి వేరుచేసే గీతను రెండుసార్లు దాటితే ఒక బిట్ ఎక్కువ లెక్కపడుతుంది, ఆ శాంపిల్ అంతా పక్కకు జరుగుతుంది. ఎడమ-కుడి క్లాక్ మళ్ళీ మారగానే లెక్క సర్దుకుంటుంది. అందుకే నిలిచే లోపం కాకుండా ఒక్క టిక్‌తో పోతోంది. నమూనా కేబుల్‌లో ఆరు తీగలుండేవి, గ్రౌండ్ ఒక చివర ఒక్కటే. బిట్ క్లాక్‌కూ దాని గ్రౌండ్‌కూ మధ్య వైశాల్యం ఎక్కువ.

ఆసిల్లోస్కోప్‌తో డాక్ పిన్ను దగ్గర చూస్తే అంచు మీద ఊగిసలాట కనబడింది. ఇక్కడ ఒక హెచ్చరిక. ప్రోబ్‌తో వచ్చే పొడుగాటి క్రొకడైల్ క్లిప్ గ్రౌండ్‌తో చూస్తే అన్ని సిగ్నళ్ళూ ఊగుతున్నట్టే కనిపిస్తాయి. క్లిప్ తీసేసి, ప్రోబ్ మొనకు చుట్టే పొట్టి స్ప్రింగ్ గ్రౌండ్‌తో చూశాక కూడా ఊగిసలాట మిగిలింది కాబట్టే నమ్మాం.

బోర్డు మళ్ళీ చేయించే ముందు ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. రాస్ప్‌బెర్రీ పై జీపీఐవో పిన్నుల (సాఫ్ట్‌వేర్ నడిపే పిన్నుల) డ్రైవ్ బలాన్ని సాఫ్ట్‌వేర్‌లో 2 నుంచి 16 మిల్లీ ఆంపియర్ల దాకా మార్చొచ్చు. తగ్గిస్తే అంచు మెత్తబడుతుంది. తగ్గించి రాత్రంతా ఆడించి రికార్డు చేశాం, టిక్ లేదు. గరిష్ఠానికి పెంచితే టిక్కులు ముమ్మరమయ్యాయి. ఊహ నిలబడింది.

సాఫ్ట్‌వేర్ సెట్టింగుతోనే ముగించేయొచ్చు కదా అన్న ప్రశ్న వచ్చింది. ఎవరో ఒకరోజు సిస్టమ్ ఇమేజ్ మార్చినప్పుడు ఆ లైను రాలిపోతుంది, టిక్కులు తిరిగొస్తాయి, అప్పటికి కారణం గుర్తున్నవాళ్ళు ఉండరు. హార్డ్‌వేర్ లోపాన్ని హార్డ్‌వేర్‌లోనే సరిచేయాలని పట్టుబట్టాను. పట్టీ బోర్డు మీద, కంప్యూటరు పిన్నులకు ఆనుకుని, మూడు లైన్లలోనూ 33 ఓమ్‌ల రెసిస్టర్లు పెట్టాం. అవి సిగ్నల్ బయలుదేరే చోటే ఉండాలి. డ్రైవర్ సొంత నిరోధం, ఈ 33 ఓమ్‌లు కలిసి కేబుల్ ఇంపిడెన్స్‌కు (సిగ్నల్ అలకు కేబుల్ చూపే నిరోధానికి) దగ్గరగా వస్తే అవతలి నుంచి తిరిగొచ్చే అల అక్కడ చల్లారుతుంది. డాక్ దగ్గర పెడితే ఆ పని జరగదు. కేబుల్‌ను పది తీగలకు పెంచి సిగ్నళ్ళ మధ్య గ్రౌండ్‌లు వేశాం: గ్రౌండ్, బిట్ క్లాక్, గ్రౌండ్, ఎడమ-కుడి క్లాక్, గ్రౌండ్, డేటా, గ్రౌండ్, మ్యూట్, చివర రెండు తీగలు 5 వోల్టులకు.

మ్యూట్ తీగ సంగతి క్లుప్తంగా చెబుతాను. డాక్ మ్యూట్ పిన్నును రెసిస్టర్‌తో గ్రౌండ్‌కు లాగి ఉంచి, కంప్యూటరు పూర్తిగా లేచాకే జీపీఐవోతో పైకెత్తుతాం. ఆపేటప్పుడు ముందు మ్యూట్, తర్వాత షట్‌డౌన్. దీంతో ఆన్ చేసినప్పుడు స్పీకర్లో వచ్చే 'దబ్' పోయింది.

ఫలితం

రెండో నమూనానే ఉత్పత్తికి వెళ్ళింది. ఆడియో బోర్డు 30 × 22 మి.మీ. అంటే 660 చదరపు మిల్లీమీటర్లు, పాతదాని 3,640లో ఐదో వంతు కూడా లేదు. రెసిస్టర్లు, కెపాసిటర్లు ఎక్కువగా 0402 కంటే పెద్దదైన 0603 సైజులోనే ఉన్నాయి, టంకం ఇనుముతో చేత్తో మార్చుకోవచ్చు. క్లయింటు ఇంజినీరు బొమ్మ చూసి "0402 ఎందుకు వేయలేదు సార్, ఇంకా తగ్గేది కదా" అన్నారు. పెట్టెలో పడుతోంది, ఇక తగ్గించి సాధించేదేమీ లేదు. పైగా అంత చిన్న ప్యాకేజీలో ఎక్కువ విలువ సిరామిక్‌ల కెపాసిటెన్స్ డీసీ వోల్టేజ్ కింద బాగా పడిపోతుంది. 10 మైక్రోఫారడ్‌లని రాసి ఉన్నది 3.3 వోల్టుల దగ్గర అందులో సగం కూడా ఇవ్వకపోవచ్చు. తయారీదారు ఇచ్చే గ్రాఫ్ చూడకుండా విలువ నమ్మకూడదని ఆయనకు ఆ గ్రాఫ్‌లే తీసి చూపించాను.

వదులుకున్నవీ ఉన్నాయి. హెడ్‌ఫోన్, ఆప్టికల్ అవుట్‌పుట్ ఇక లేవు. డాక్‌లో రిజిస్టర్లు (సాఫ్ట్‌వేర్ మార్చగలిగే సెట్టింగులు) లేవు కాబట్టి వాల్యూమ్ సాఫ్ట్‌వేర్‌లోనే తగ్గించాలి. ఫైళ్ళు 16 బిట్‌లవే అయినా డాక్‌కు 32 బిట్‌ల చోటు ఉంది కనుక మామూలు తగ్గింపులో వివరాలేమీ పోవు. 44.1 కిలోహెర్ట్జ్ ఫైళ్ళను ప్లేయర్‌లోకి ఎక్కించే ముందే 48కి మార్చే ఏర్పాటు క్లయింటు వైపు పెట్టించాం. ఆడేటప్పుడు మార్చే పని ఆ చిన్న ప్రాసెసర్ మీద వేయడం నాకు ఇష్టం లేకపోయింది.

తర్వాతి బ్యాచ్‌కు 5102ఏ సమయానికి అందలేదు. అదే చోట 5101ఏ అతికించి పంపారు. బొమ్మ మారలేదు, సాఫ్ట్‌వేర్ మారలేదు. పరీక్షలో నాయిస్ కాస్త పెరిగినట్టు కనిపించింది, గదిలో వినడానికి మాత్రం తేడా లేదు. విడిభాగాల జాబితాలో ఇప్పుడు ఆ మూడు నంబర్లూ పక్కపక్కనే ఉన్నాయి, ఏది వేస్తే పరీక్షలో ఎంత నాయిస్ దాకా పాస్ చేయాలో కూడా అక్కడే రాసి ఉంది.